బడి ఎవరి చేతిలో ఉంది? హవాయి మూలవాసుల చార్టర్ పాఠశాలలు, మన ఏజెన్సీ బడులు

(ఏజెన్సీ ప్రాంత ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం.

ఆదివాసీ పిల్లల చదువు గురించి ఎక్కడ సభ జరిగినా మాటలు రెండు విషయాల చుట్టూ తిరుగుతాయి. వసతులు, ఫలితాలు. హాస్టల్లో భోజనం ఎలా పెడుతున్నారు, పదో తరగతి ఎంతమంది గట్టెక్కారు. వాటిని నేను తక్కువ చేయను. ఆకలితో ఉన్న పిల్లవాడికి చదువు ఎక్కదు. అయితే నా మనసును చాలాకాలంగా పట్టుకుని ఉన్న ప్రశ్న వేరు. ఆ బడిలో ఏది చదువో, ఏది కాదో తేల్చే అధికారం ఎవరిది? ఆ ఊరిదా, ఆ తల్లిదండ్రులదా, లేక ఎక్కడో కూర్చున్న శాఖదా? ఈ ప్రశ్నతో దశాబ్దాల పాటు పోరాడి, సగమైనా జవాబు సాధించుకున్న ఒక జాతి గురించి ఈరోజు చెబుతాను. వాళ్లు హవాయి మూలవాసులు.

ముందు వాళ్ల చరిత్ర కొంచెం తెలియాలి. పసిఫిక్ సముద్రంలోని దీవుల సముదాయం, ఇప్పుడు అమెరికాలో ఒక రాష్ట్రమైన హవాయి ఒకప్పుడు స్వతంత్ర రాజ్యం. 1820 లలో మిషనరీలు అక్కడి భాషకు లిపి కట్టారు. ఆ తర్వాత జరిగింది చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అక్షరాన్ని ఆ జాతి ఆబగా అందుకుంది. రాజు దగ్గర నుంచి చేపలు పట్టేవాళ్ల దాకా చదవడం, రాయడం నేర్చుకున్నారు. 1834 లో హవాయి భాషలో మొదటి పత్రిక వచ్చింది. అక్కడి నుంచి 1948 దాకా వంద దాకా పత్రికలు వెలువడ్డాయి. లక్షకు పైగా పేజీలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. పురాణాలు, రాజకీయ వాదాలు, చేపల వేట సంగతులు, చనిపోయినవాళ్ల మీద రాసిన స్మృతి గీతాలు, అన్నీ అందులో ఉన్నాయి. 1840 నాటికే అక్కడ ప్రభుత్వ పాఠశాలల వ్యవస్థ ఏర్పడింది, అదీ మాతృభాషలో. ఇది గుర్తుంచుకోండి. మూలవాసులకు చదువంటే తెలియదు, మనం వెళ్లి నేర్పాలి అనే మాట ఆ దీవుల్లో పచ్చి అబద్ధం.

1893 జనవరిలో చెరకు తోటల యజమానులు, వ్యాపారులు కలిసి అమెరికా నౌకాదళం అండతో లిలియువోకలానీ రాణిని గద్దె దించారు. మూడేళ్లకు, 1896 లో, అక్కడి కొత్త ప్రభుత్వం ఒక చట్టం చేసింది. ప్రభుత్వ బడికైనా, ప్రైవేటు బడికైనా గుర్తింపు కావాలంటే బోధన ఇంగ్లీషులోనే జరగాలి. చట్టంలో ఉన్నది ఆ ఒక్క షరతే. హవాయి భాష మాట్లాడకూడదని ఎవరూ ఎక్కడా రాయలేదు. కానీ బడి ఆవరణలో ఆ భాష మాట్లాడిన పిల్లలకు దెబ్బలు పడ్డాయి. తల్లిదండ్రులు భయపడ్డారు. మా పిల్లలకైనా ఈ బాధ తప్పాలని ఇంట్లోనే ఆ భాష మాట్లాడడం మానేశారు. 1980 ల ఆరంభానికి వచ్చేసరికి నియీహౌ అనే ఒక చిన్న దీవిలో తప్ప, ఆ భాషను ధారాళంగా మాట్లాడే పిల్లలు యాభై మంది కూడా లేరు. రెండు మూడు తరాల్లో ఒక భాషను ఇళ్లలోంచి తుడిచిపెట్టడానికి సైన్యం అవసరం రాలేదు. బడి చాలింది.

అందుకే వాళ్లు ఆ భాషను వెనక్కి తెచ్చుకునే పనిని కూడా బడి నుంచే మొదలుపెట్టారు. అంతకుముందే, 1972 నుంచి, లారీ కిమురా అనే భాషావేత్త రేడియోలో ఒక కార్యక్రమం నడిపి, ఆ భాష ఇంకా నోట్లో మిగిలి ఉన్న ముసలివాళ్ల మాటలను గంటల తరబడి రికార్డు చేశారు. 1978 లో హవాయి రాష్ట్ర రాజ్యాంగంలో హవాయి భాషను ఇంగ్లీషుతో పాటు అధికార భాషగా చేర్చారు. 1983 లో కొందరు ఉపాధ్యాయులు కలిసి పూనానా లెయో అనే సంస్థ పెట్టారు. అంతకు ఒక ఏడాది ముందు న్యూజిలాండ్‌లో మావోరీలు పసిపిల్లల కోసం మొదలుపెట్టిన భాషా కేంద్రాలు వీళ్లకు స్ఫూర్తి. 1984 లో కవాయి దీవిలో మొదటి శిశు పాఠశాల తెరిచారు. అప్పటికి అది చట్ట ప్రకారం చెల్లదు. 1896 నాటి నిబంధన ఇంకా పుస్తకాల్లో ఉంది మరి. దాన్ని తీయించడానికి శాసనసభ చుట్టూ తిరగాల్సి వచ్చింది. 1986 లో నిబంధన మారింది. 1987 లో రెండు ప్రభుత్వ బడుల్లో హవాయి మాధ్యమం మొదలైంది. పుస్తకాలు లేవు. తల్లిదండ్రులు రాత్రిళ్లు కూర్చుని, ఇంగ్లీషు బొమ్మల పుస్తకాల్లో అక్షరాల మీద హవాయి వాక్యాలు రాసిన కాగితపు ముక్కలు అతికించారు. వాళ్ల పిల్లలు చదివిన మొదటి పుస్తకాలు అవి.

ఇక చార్టర్ పాఠశాలల దగ్గరికి వస్తాను. మనకు ఈ మాట కొత్త కాబట్టి చెప్పాలి. ఇది ప్రైవేటు బడి కాదు. ఫీజు ఉండదు, నిధులు ప్రభుత్వానివి, జాతి చూసి పిల్లలను చేర్చుకోవడం కుదరదు. సీట్ల కంటే ఎక్కువ మంది వస్తే లాటరీ తీస్తారు. కానీ నడిపేది విద్యాశాఖ కాదు. ఆ బడికి సొంత పాలక మండలి ఉంటుంది. ఏం నేర్పుతాం, ఎలా నేర్పుతాం, ఏ ఫలితాలు చూపిస్తాం అని ప్రభుత్వంతో ఒక ఒప్పందం రాసుకుంటారు. గడువు తీరాక పనితీరు చూసి ఒప్పందాన్ని కొనసాగిస్తారు, లేదా బడి మూసేస్తారు.

అమెరికాలో ఈ పద్ధతి మీద గట్టి విమర్శలున్నాయి. చాలాచోట్ల కంపెనీలు ఈ దారిన బడుల్లోకి దూరాయి. మామూలు ప్రభుత్వ బడికి రావలసిన డబ్బు అటు మళ్లింది. ఉపాధ్యాయ సంఘాలు అభ్యంతరం చెప్పడంలో న్యాయం ఉంది. ఆ పద్ధతిని అలాగే ఎత్తి ఇక్కడికి తెమ్మని నేను అనడం లేదు. అయితే హవాయి పరిస్థితిలో ఒక ప్రత్యేకత ఉంది. అమెరికాలోని మిగతా రాష్ట్రాల్లో ఊరికో, జిల్లాకో ఒక విద్యా బోర్డు ఉంటుంది. హవాయిలో దీవులన్నిటికీ కలిపి ఒకే శాఖ, ఒకే బోర్డు. సముద్రం అవతల దీవిలో ఉన్న ఒక లోయ ప్రజలకు తమ బడి మీద మాట చెల్లే మార్గమే లేదు. 1999 లో కొత్త చార్టర్ చట్టం వచ్చినప్పుడు మూలవాసులు అందులో ఒక సందు చూశారు. రెండు మూడేళ్లలోనే డజను దాకా బడులు పెట్టేశారు. ఇప్పుడు ఆ రాష్ట్రంలోని చార్టర్ పాఠశాలల్లో దాదాపు సగం హవాయి సంస్కృతి మీద నిలబడినవే. మార్కెట్ భాషలో రాసుకున్న ఒక చట్టాన్ని తీసుకుని, దానితో తమ జాతి పని చేయించుకున్నారు. ఆ తెలివికి నేను చేతులెత్తి దండం పెడతాను.

ఆ బడుల్లో ఏం జరుగుతుందో కాస్త వివరంగా చెప్పాలి. సంస్కృతి అనగానే మన బడుల్లో ఏం చేస్తాం? ఆగస్టు 9 న ఆదివాసీ దినోత్సవం జరుపుతాం. పిల్లలకు తలపాగాలు కట్టి, ఈకలు పెట్టి, గుస్సాడీ వేయించి ఫొటోలు తీస్తాం. మర్నాడు పొద్దున యథావిధిగా పుస్తకం తెరుస్తాం. అందులో వాళ్ల ఊరు ఉండదు, వాళ్ల అడవి ఉండదు.

హొనొలులు నగరం అంచున మకీకీ లోయలో హాలౌ కూ మానా అనే చార్టర్ పాఠశాల ఉంది. 2000 ల ఆరంభంలో మొదలైంది. ఆ బడి పిల్లలు పక్కనున్న మానోవా లోయలో తుప్పలు పట్టిపోయిన పాత చేమ మళ్లను బాగు చేశారు. మనం పులుసు పెట్టుకునే చేమ దుంపే. హవాయి వాళ్లకు అది వరి అన్నంతో సమానం. నీళ్లు నిలిపిన మడుల్లో పండించి, ఉడికించి, రాతితో దంచి ముద్ద చేసుకుని తింటారు. వాళ్ల పురాణంలో ఆకాశ దేవుడికి పుట్టిన మొదటి బిడ్డ పురిట్లోనే చనిపోతే భూమిలో పాతిపెట్టారు. అక్కడ మొలిచిందే చేమ మొక్క. తర్వాత పుట్టిన బిడ్డ మనిషి. అంటే చేమ మనిషికి అన్న. అన్న తమ్ముడికి తిండి పెడతాడు, తమ్ముడు అన్నను చూసుకోవాలి.

ఈ కథ చెప్పి ఊరుకుంటే అది నీతి పాఠం. వాళ్లు అక్కడ ఆగరు. మడిలోకి దిగుతారు. కొండ వాగు నుంచి కాలువ తీసి, మడి నుంచి మడికి నీళ్లు పారించి, చివరికి మళ్లీ వాగులోనే కలపడం పాత పద్ధతి. వాడుకున్న నీరు వాగుకు తిరిగి చేరాలి. ఆ కాలువకు ఎంత వాలు ఉండాలి? ఎంత వేగంతో పారాలి? నీరు నిలిచి వేడెక్కితే దుంప కుళ్లుతుంది, కాబట్టి ఎంత ఉష్ణోగ్రత దాకా పరవాలేదు? పిల్లలు కొలుస్తారు, లెక్కలు వేస్తారు, పట్టికలు రాస్తారు. అది భౌతిక శాస్త్రం, జీవశాస్త్రం, గణితం. తర్వాత వాగులో నీళ్లు ఎందుకు తగ్గాయని అడుగుతారు. చెరకు కంపెనీలు నూరేళ్ల కిందట నదులను ఎలా మళ్లించాయో చదువుతారు. అది చరిత్ర, అది నీటి హక్కుల చట్టం. ఒక్క మడిలో ఇంత చదువుంది. కథకూ కొలతకూ మధ్య గోడ లేదక్కడ.

పడవ సంగతి కూడా అంతే. 1976 లో హోకూలేఅ అనే జంట పడవ ఏ పరికరమూ లేకుండా, నక్షత్రాలనూ అలలనూ చూసుకుంటూ హవాయి నుంచి తాహితీకి సుమారు 4,000 కిలోమీటర్లు వెళ్లింది. తమ పూర్వీకులు ఏదో గాలికి కొట్టుకొచ్చి ఈ దీవుల్లో పడ్డారని వాదించిన పండితులకు అది సమాధానం. ఆ విద్య తెలిసినవాళ్లు హవాయిలో ఎవరూ మిగలలేదు. మైక్రొనీషియాలోని సటవాల్ దీవి నుంచి మౌ పియైలుగ్ అనే నావికుడు వచ్చి దారి చూపాడు, తర్వాత హవాయి యువకులకు నేర్పాడు. ఈ బడుల్లో పిల్లలు ఆ విద్య నేర్చుకుంటారు. దిగంతాన్ని 32 ఇళ్లుగా విభజించి, ఏ చుక్క ఏ ఇంట్లో ఉదయిస్తుందో, ఏ ఇంట్లో అస్తమిస్తుందో కంఠస్థం చేస్తారు. ఒక్కో ఇల్లు పదకొండుంపావు డిగ్రీలు. చేయి చాచి ధ్రువ నక్షత్రం ఎత్తు కొలిచి అక్షాంశం చెబుతారు. త్రికోణమితి వేరే చెప్పాలా?

ఇక్కడ మనకు సంబంధించిన ఒక సంగతి ఉంది. ఆ పడవకు పెట్టిన పేరు ఒక నక్షత్రానిది. అది మన స్వాతి. హవాయి దీవి నడినెత్తి మీదుగా నడిచే చుక్క కాబట్టి, అది సరిగ్గా తలపైకి వచ్చిందంటే ఇంటి అక్షాంశానికి చేరినట్టే. హవాయి దీవి, ఆదిలాబాద్ ప్రాంతంలోని మన ఉట్నూరు ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. అంటే స్వాతి ఉట్నూరు మీదుగా కూడా అలాగే నడుస్తుంది. గోండు పెద్దలకు ఆకాశం తెలుసు, వానల రాక తెలుసు. ఉట్నూరు బడిలో ఏ సైన్స్ మాస్టారైనా ఒక పెద్దాయనను పిలిచి రాత్రి పూట పిల్లలను ఆరుబయట కూర్చోబెట్టి పాఠం చెప్పాలంటే ఎవరి అనుమతి కావాలి? ఆ పాఠానికి మార్కులు ఎవరు వేస్తారు? నా ప్రశ్న అదే.

చరిత్ర పాఠం గురించి ఒక్క మాట. హవాయిని అమెరికాలో కలపవద్దంటూ 1897 లో 21,000 మందికి పైగా మూలవాసులు సంతకాలు పెట్టి వాషింగ్టన్‌కు విజ్ఞప్తి పంపారు. ఆ కాగితాలు అక్కడి జాతీయ ఆర్కైవ్స్‌లో పడి ఉండి 1990 లలో వెలుగులోకి వచ్చాయి. ఇప్పుడు పిల్లలు ఆ జాబితాలో తమ ముత్తాతల పేర్లు వెతుకుతారు. మా పెద్దలు నోరు మూసుకుని ఒప్పుకున్నారని చెప్పిన పాఠ్యపుస్తకం తప్పని తమ ఇంటి పేరు సాక్షిగా తెలుసుకుంటారు.

ఇంతవరకు చెప్పింది విని అక్కడ అంతా సవ్యంగా ఉందనుకోకండి. భవనాలకు ప్రభుత్వం డబ్బు ఇవ్వకపోవడంతో ఎన్నో బడులు గుడారాల్లో, తాత్కాలిక షెడ్లలో మొదలయ్యాయి. వాటికంటే పెద్ద దెబ్బ పరీక్షల రూపంలో వచ్చింది. 2002 నుంచి అమెరికా కేంద్ర చట్టం ప్రతి బడిలోనూ ఏటా పరీక్షలు పెట్టి, గీత దాటని బడికి విఫలమైందని ముద్ర వేయమంది. హవాయి మాధ్యమంలో చదివిన పిల్లవాడికి ఇంగ్లీషులో పరీక్ష! మొదట ఇంగ్లీషు ప్రశ్నపత్రాన్నే హవాయిలోకి అనువదించి ఇచ్చారు. అది మరీ గందరగోళమైంది. కొన్ని బడుల్లో తల్లిదండ్రులు పిల్లలను పరీక్షకు పంపకుండా ఆపేశారు. ఏళ్ల తరబడి పట్టుబట్టాక, 2015 ప్రాంతంలో, మొదటి నుంచీ హవాయి భాషలోనే ఆలోచించి తయారుచేసిన పరీక్ష వచ్చింది. పరీక్షను ఎవరు తయారుచేస్తారన్నది కూడా అధికారం సంగతే. బోధన మాది, పరీక్ష మీది అంటే ఆ బడి ఎన్నటికీ వాళ్లది కాదు.

ఇందాక విరామంలో ఒక మిత్రుడు అడిగారు. ఇదంతా బాగానే ఉంది, ఇంగ్లీషు రాకపోతే పిల్లల భవిష్యత్తు ఏమిటని. తల్లిదండ్రులందరి మనసులో ఉన్న ప్రశ్న ఇది, దీన్ని దాటేయకూడదు. హిలో పట్టణం దగ్గర కెయఆవులో నావహీ పేరుతో ఒక బడి ఉంది. జోసెఫ్ నావహీ విలీనాన్ని ఎదిరించిన పత్రికా సంపాదకుడు, శాసనసభ్యుడు. ఆ బడిలో కింది తరగతుల విభాగం చార్టర్ పాఠశాలగానే నడుస్తోంది. అక్కడ అన్ని సబ్జెక్టులూ హవాయిలోనే. ఇంగ్లీషు అయిదో తరగతిలో మొదలవుతుంది, అదీ ఒక సబ్జెక్టుగా. 1999 లో అక్కడ చదువు పూర్తిచేసినవాళ్లు, నూరేళ్ల తర్వాత మొదటిసారిగా పూర్తిగా హవాయి మాధ్యమంలో చదివి బయటికొచ్చిన తరం. అక్కడి నుంచి పిల్లలు విశ్వవిద్యాలయాలకు వెళ్తున్నారు, ఇంగ్లీషులో చదువుతున్నారు. చుట్టూ సముద్రమంత ఇంగ్లీషు ఉన్నచోట అది ఎలాగూ వస్తుంది. రానిది, బడి నేర్పకపోతే ఇక ఎక్కడా దొరకనిది, హవాయి. మన దగ్గర ఇంగ్లీషు అలా చుట్టూ లేదు కదా అంటారు. నిజమే. అందుకని ఇంగ్లీషును బాగా నేర్పాలి. బాగా నేర్పడానికీ మొదటి తరగతి నుంచి అర్థంకాని భాషలో అన్నీ వల్లె వేయించడానికీ సంబంధం లేదు. అమెరికాలోని మన తెలుగువాళ్లు శని, ఆదివారాల్లో రెండు గంటల తెలుగు తరగతి కోసం ఎంత తంటాలు పడుతున్నారో మీకు తెలుసు. తెలుగుకు ఆ ఆరాటం న్యాయమైతే గోండీకి, కువికి, సవరకు ఎందుకు కాదు?

మన అనుభవానికి వస్తాను. 1940 లో జోడేఘాట్‌లో కొమరం భీమ్‌ను చంపాక నిజాం ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్ పంపింది. ఆయన, ఆయన భార్య బెట్టీ మార్లవాయిలో గోండుల మధ్యే ఉన్నారు. 1943 లో అక్కడ గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలుపెట్టారు. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు వేశారు. హవాయి శిశు పాఠశాలల కంటే నలభై ఏళ్ల ముందు మాట ఇది! క్రమంగా గోండీ తప్పుకుని బడి పెద్ద భాషల చేతికి వెళ్లింది. మళ్లీ 2004 లో ఉమ్మడి రాష్ట్రం గోండీ, కోయ, కొలామీ, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా భాషల్లో వాచకాలు తెచ్చింది. మంచి పని. చేసినవాళ్లలో ఎంతో నిబద్ధత ఉన్నవాళ్లున్నారు. కానీ అది తొలి తరగతుల దగ్గరే ఆగింది. ఎందుకు ఆగిందంటారు? మొదలుపెట్టింది శాఖ కాబట్టి ఆపేయగలిగింది కూడా శాఖే. ఆగినప్పుడు అడ్డుపడే హక్కు ఏ ఊరికీ లేకపోయింది.

ఉపాధ్యాయుల విషయం ఇంకా బాధాకరం. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ ఆదివాసీలకే ఇవ్వాలని 2000 జనవరిలో జీవో 3 వచ్చింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ చెల్లదంది. తీర్పు తీర్పే. దాని తర్వాత పిల్లల భాష తెలిసిన టీచరు ఎలా వస్తారన్న ప్రశ్న అలాగే మిగిలింది. హవాయిలో దీనికి సమాధానంగా టీచర్లను తయారుచేసే వ్యవస్థనే కట్టుకున్నారు. హిలో విశ్వవిద్యాలయంలో 1997 లో హవాయి భాషకు ప్రత్యేక కళాశాల పెట్టి, అక్కడే ఉపాధ్యాయ శిక్షణ ఇస్తున్నారు. లానయి దీవికి చెందిన ఒక తల్లి, మా దీవిలో హవాయి మాధ్యమం లేదని కోర్టుకు వెళ్లింది. టీచరు దొరకలేదని ప్రభుత్వం చెప్పింది. 2019 లో రాష్ట్ర సుప్రీంకోర్టు, హవాయి విద్య అందించాలని 1978 లోనే రాజ్యాంగంలో రాసుకున్నారు కాబట్టి, అది అందేలా సహేతుకమైన ప్రయత్నాలన్నీ చేయడం మీ బాధ్యత అంది.

మన రాజ్యాంగంలో అలాంటి ఆధారం లేదా? 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు ఏర్పాట్లు చేయమంది. 30 వ అధికరణం మతపరంగానే కాదు, భాషాపరంగా అల్పసంఖ్యాకులైనవాళ్లకు కూడా తమ విద్యాసంస్థలు తామే పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది. నిధులిచ్చేటప్పుడు వాటి పట్ల వివక్ష చూపకూడదనీ చెప్పింది. ఈ హక్కుతో పట్టణాల్లో ఎన్ని పెద్ద కళాశాలలు నడుస్తున్నాయో చూస్తున్నాం. గోండీ మాట్లాడే, సవర మాట్లాడే ఊళ్లు కలిసి ఈ అధికరణం కింద ఒక బడి అడిగితే ఏమవుతుందో మనం ఎప్పుడైనా పరీక్షించామా? పంచాయతీ వ్యవస్థను షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరించిన 1996 నాటి పెసా చట్టం ఆచారాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. బడి అందులోకి రాదని ఎవరనగలరు?

నేను కోరేది పెద్ద ఉద్యమమేమీ కాదు. ఉట్నూరు, భద్రాచలం, పాడేరు, సీతంపేట ఐటీడీఏల (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థల) పరిధిలో పనిచేసే మిత్రులు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీ ఊళ్లలో వచ్చే గ్రామసభ ఎజెండాలో బడిని ఒక అంశంగా పెట్టించండి. మధ్యాహ్న భోజనం గురించి కాదు, పాఠం గురించి. మా పిల్లలకు ఏం నేర్పాలి, ఎవరు నేర్పాలి, ఏ భాషలో నేర్పాలి అని పెద్దలను, తల్లులను మాట్లాడనివ్వండి. వాళ్లు చెప్పింది తీర్మానంగా రాయించి, సంతకాలు, వేలిముద్రలు తీసుకుని, ఒక ప్రతి ఐటీడీఏ ప్రాజెక్టు అధికారికి, ఒక ప్రతి జిల్లా విద్యాశాఖకు ఇచ్చి రసీదు తీసుకోండి. ముసాయిదా రాయడానికి సాయం కావాలంటే సభ అయ్యాక నన్ను కలవండి. సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను.